నారాయణఖేడ్ నుంచి మియాపూర్ దాకా: ఒక దారి, మూడు ఒప్పందాలు

మా ఖేడ్ బస్టాండ్‌లో రెండు మాటలు తరచుగా చెవిన పడుతుంటాయి. ఒకటి: "రోడ్డు మంచిగైంది, పట్నం జల్ది పోతున్నం." రెండోది దాని వెనకాలే వస్తుంది: "ఏం మంచిగ? గా రోడ్డు కంపెనోళ్లు కొనుక్కున్నరు, అందుకే టోలు గుంజుతున్నరు." మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండో మాట చట్టప్రకారం నిజం కాదు. అలాగని కొట్టిపారేసే మాటా కాదు. రోడ్డు ఎవరిది, దాని మీద డబ్బు ఎవరిది, నష్టం వస్తే ఎవరి నెత్తిన పడుతుంది అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. బస్టాండ్ చర్చలో మూడూ కలిసిపోతాయి. ఈ వ్యాసంలో వాటిని విడదీసి చూద్దాం.

సివిల్ వాళ్లకు ఒక మాట. మనకు సిలబస్‌లో తారు పరీక్షలున్నాయి, కాంక్రీటు గ్రేడులున్నాయి. రోడ్డు ఎంత మందం ఉండాలో లెక్కగట్టడం నేర్పుతారు. ఆ మందం తగ్గితే ఎవరిని అడగాలో మాత్రం ఒప్పందం కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని మనలో చాలామంది ఉద్యోగంలో చేరేదాకా చూడరు.

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం, అందరూ పీపీపీ అనేది, దీనికి దేశం మొత్తానికీ వర్తించే ఒకే చట్టం మనకు లేదు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా చేసుకున్నాయి. గుజరాత్ 1999లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో మౌలిక వసతుల చట్టాలు తెచ్చాయి. జాతీయ రహదారులకు 1956 నాటి జాతీయ రహదారుల చట్టమే ఆధారం. ఆ చట్టం పుట్టినప్పుడు రోడ్డంటే సర్కారు వేసేది, అంతే. 1995లో దానికి 8ఏ అనే సెక్షన్ చేర్చారు. రహదారిని అభివృద్ధి చేసి నిర్వహించడానికి కేంద్రం ఎవరితోనైనా ఒప్పందం చేసుకోవచ్చు, ఆ వ్యక్తి ఫీజు వసూలు చేసి తన దగ్గరే ఉంచుకోవచ్చు అని అది చెబుతుంది. జాతీయ రహదారుల మీద ప్రైవేటు టోలు రోడ్లన్నీ ఈ చిన్న సెక్షన్ మీద నిలబడ్డవే. మిగిలిందంతా, అంటే ఎవరు ఎప్పుడు ఎంత ఇవ్వాలి, ఎవరు తప్పితే ఏమవుతుంది అన్నదంతా, వందల పేజీల కన్సెషన్ ఒప్పందంలో ఉంటుంది. చట్టం గుమ్మం లాంటిది. ఇల్లంతా ఒప్పందమే.

ఇక బస్సెక్కుదాం.

నారాయణఖేడ్ నుంచి పట్నం పోయే దారి నిజాంపేట దగ్గర 161వ జాతీయ రహదారిని కలుస్తుంది. ఇది అకోలా నుంచి నాందేడ్, దెగ్లూర్ మీదుగా మన సంగారెడ్డి దాకా వచ్చే రోడ్డు. ఇందులో రాంసాన్‌పల్లి నుంచి కంది దాకా ఉన్న సుమారు 40 కిలోమీటర్ల ముక్కను నాలుగు వరుసలు చేశారు. 2024 మార్చి 5న ప్రధాని సంగారెడ్డిలో దాన్ని ప్రారంభించారు. కంది అంటే ఐఐటీ హైదరాబాద్ ఉన్న ఊరే. ఈ ముక్కను కట్టింది హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో. పొట్టిగా హామ్ అంటారు. (మనకు అలవాటైన ఎన్నికల హామీ వేరు. అది ఒప్పందం కిందికి రాదు.)

హామ్ అంటే ఏమిటో చెప్పాలంటే మన పొలాల దగ్గరికి రావాలి. మా వైపు భూమిని మూడు తీర్ల ఇస్తారు. ఒకాయనకు బీడు భూమి ఉంది, చేతిలో పైసల్లేవు. ఇంకొకాయన వచ్చి "బోరు నేనే వేస్తా, చదును నేనే చేస్తా, ఇరవై ఏళ్లు పంట నేనే తింటా, తర్వాత నీ భూమి నీకు" అన్నాడనుకోండి. అది బీఓటీ టోల్ పద్ధతి. కట్టు, నడుపు, అప్పగించు. బోరులో నీళ్లు పడకపోతే నష్టం ఆయనదే. రోడ్డు భాషలో నీళ్లంటే వాహనాలు. వాహనాలు వస్తే లాభం, రాకపోతే దివాలా.

2000ల్లో, 2010 చుట్టుపక్కల దేశంలో ఇలాంటివి బాగా ఇచ్చారు. వేలంలో గెలవాలన్న ఆత్రంతో కంపెనీలు వాహనాల లెక్కను ఆకాశానికి ఎత్తి చూపాయి, బ్యాంకులు ఆ లెక్క నమ్మి అప్పులిచ్చాయి. భూమి సమయానికి చేతికి రాలేదు, పనులు ఆగాయి, అప్పులు మొండి బాకీలయ్యాయి. కొంతకాలానికి కొత్త బీఓటీ రోడ్లకు టెండరు వేసేవాళ్లే కరువయ్యారు. అప్పుడు, 2016 జనవరిలో, కేంద్ర మంత్రివర్గ సంఘం హామ్‌కు ఆమోదం తెలిపింది.

హామ్‌లో భూస్వామి కొంత దిగొచ్చాడు. "బోరు ఖర్చులో నూటికి నలభై నేను పని నడుస్తుండగానే ఇస్తా. మిగతా అరవై నువ్వు తెచ్చిపెట్టు. పంట మాత్రం నాది. నీ అరవైని వడ్డీతో కలిపి పదిహేనేళ్లు ఆరు నెలలకో వాయిదా చొప్పున తీరుస్తా. అన్నాళ్లూ బోరు బాగోగులు నువ్వే చూడాలి, దానికి వేరే ఇస్తా."

లెక్క కోసం ఒక రోడ్డు ధర వెయ్యి కోట్లనుకుందాం. నాలుగు వందల కోట్లు ఎన్‌హెచ్‌ఏఐ పని సాగుతున్నకొద్దీ విడతలుగా ఇస్తుంది. ఆరు వందల కోట్లు కంపెనీ తన వాటా మూలధనంతో, బ్యాంకు అప్పుతో తెస్తుంది. రోడ్డు పూర్తయ్యాక ముప్పై అర్ధ సంవత్సర వాయిదాల్లో అది వెనక్కి వస్తుంది. ధరలు పెరిగితే దానికి తగ్గట్టు సవరించే సూత్రం కూడా ఒప్పందంలోనే ఉంటుంది. ఇక టోలు? అది ఎన్‌హెచ్‌ఏఐదే. టోల్ గేటు దగ్గర వసూలు చేసే మనుషులు ఏదో ఏజెన్సీ వాళ్లు కావచ్చు, కానీ ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు చేరాల్సిందే. రేపు 161 మీద ఒక్క బస్సూ నడవకపోయినా రోడ్డు కట్టిన కంపెనీకి వాయిదా ఆగదు. లక్ష బస్సులు నడిచినా పైసా ఎక్కువ రాదు.

కాబట్టి బస్టాండ్‌లో మా కాకాలకు చెప్పాల్సిన మొదటి జవాబు: ఈ ముక్కను ఎవరూ కొనుక్కోలేదు. భూమి కేంద్ర ప్రభుత్వం పేరు మీద ఉంది. కంపెనీ చేతిలో ఉన్నది కొన్నేళ్ల అనుమతి, దానితో పాటు పని, వాయిదాలు.

ఒక రోడ్డుకు ఒక కంపెనీ ఎందుకు పుడుతుందో కూడా ఇక్కడే చెప్పాలి. కంది ముక్కను గెలిచింది అశోకా బిల్డ్‌కాన్. ఒప్పందంలో సంతకం చేసే కంపెనీ పేరు మాత్రం అశోకా కంది రాంసాన్‌పల్లి రోడ్ ప్రైవేట్ లిమిటెడ్. మన ఊళ్ల పేర్లతో ఒక కంపెనీ ఉందంటే నాకు మొదట నవ్వొచ్చింది. ఇది అన్ని పీపీపీల్లోనూ ఉండే ఏర్పాటే. ఈ రోడ్డు డబ్బు ఇంకో రోడ్డు డబ్బుతో కలవకూడదు. అప్పిచ్చిన బ్యాంకుకు ఈ ఒక్క రోడ్డు ఆదాయం మీదే హక్కుండాలి. కంపెనీ చేతులెత్తేస్తే బ్యాంకులు దాని స్థానంలో వేరే కంపెనీని కూర్చోబెట్టే హక్కు కూడా వేరే ఒప్పందంలో రాసుకుంటారు. డబ్బంతా ఎస్క్రో ఖాతాలోకి వస్తుంది. అందులోంచి ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అనే వరుస కూడా ముందే రాసి ఉంటుంది. ఇన్ని కాగితాల్లో సంతకాలు ఎన్‌హెచ్‌ఏఐవి, కంపెనీవి, బ్యాంకులవి. భూమి ఇచ్చిన రైతు సంతకం గానీ, టోలు కట్టే మనిషి సంతకం గానీ ఎక్కడా ఉండదు.

భూమి ఇచ్చినవాళ్ల మాట

ఈ భాగం మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మా వైపు రోడ్డంటే ముందు గుర్తొచ్చేది ఇదే.

2013 భూసేకరణ చట్టం పీపీపీ గురించి సూటిగా మాట్లాడింది. పీపీపీ ప్రాజెక్టు కోసం భూమి తీసుకోవాలంటే ప్రభావితమయ్యే కుటుంబాల్లో నూటికి 70 శాతం ముందే ఒప్పుకోవాలి. పూర్తిగా ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం. ఇది చదివి "అబ్బా, రైతు చేతిలో ఎంత బలం" అనుకుంటాం. అదే చట్టం 105వ సెక్షన్, నాలుగో షెడ్యూల్ దాకా ఓపిగ్గా చదవాలి. అక్కడ పదమూడు చట్టాల జాబితా ఉంది. ఆ చట్టాల కింద జరిగే సేకరణకు ఈ అంగీకారం నిబంధన వర్తించదు. జాబితాలో 1956 జాతీయ రహదారుల చట్టం ఉంది. అంటే రోడ్డు పీపీపీయే అయినా జాతీయ రహదారి కాబట్టి రైతును "ఇస్తావా?" అని అడగాల్సిన పని చట్టప్రకారం లేదు. దేశంలో పీపీపీలు ఎక్కువగా ఉన్నది రహదారుల్లోనే. సరిగ్గా అక్కడే 70 శాతం తలుపు మూసి ఉంది. దీన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేను.

పరిహారం విషయంలో మాత్రం 2015 నుంచి 2013 చట్టం లెక్కలే రహదారులకూ వర్తిస్తున్నాయి. మార్కెట్ విలువ, పల్లెల్లో దానికి గుణకం, పైన నూటికి నూరు సొలేషియం. అంతకుముందు రహదారి చట్టంలో 3జే అనే సెక్షన్ ఉండేది. పాత 1894 భూసేకరణ చట్టం ఇచ్చే సొలేషియం, వడ్డీ రహదారి కోసం భూమి పోయినవాళ్లకు రాకుండా అది అడ్డుకునేది. పక్కపక్క పొలాలు. ఒకటి కాలువకు పోయింది, ఒకటి రోడ్డుకు పోయింది. కాలువకు పోయినాయనకు సొలేషియం వచ్చేది, రోడ్డుకు పోయినాయనకు లేదు. 2019 సెప్టెంబరులో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా రాజ్యాంగ సమానత్వానికి విరుద్ధమని చెప్పి, ఆ మేరకు 3జేను కొట్టేసింది. ఈ తీర్పు ఇకముందు కేసులకే వర్తించాలని ఎన్‌హెచ్‌ఏఐ అడిగితే, 2025 ఫిబ్రవరిలో కోర్టు ఒప్పుకోలేదు. పాతవాళ్లకూ దక్కాల్సిందే అంది.

రహదారి చట్టం ప్రకారం సేకరణ ఎలా నడుస్తుందో మన ఇళ్లలో పెద్దవాళ్లకు చెప్పగలిగేంత తెలుసుకుంటే చాలు. మొదట 3ఏ నోటిఫికేషన్ వస్తుంది. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వెయ్యాలి, వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. అది వచ్చిన 21 రోజుల్లోపు అభ్యంతరం రాసి ఇవ్వాలి. ఈ 21 రోజులే కీలకం. పత్రికలో చిన్న అక్షరాల్లో సర్వే నంబర్లు అచ్చవుతాయి, ఎవరూ చూడరు, గడువు దాటిపోతుంది. ఏడాదిలోపు 3డీ ప్రకటన వస్తే ఆ క్షణం నుంచి భూమి కేంద్రానిదే. పరిహారం నిర్ణయం 3జీ కింద జరుగుతుంది. పోయిన గుంటల ధర ఒక్కటే కాదు, చేను రెండు ముక్కలైతే దానివల్ల కలిగే నష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలని 3జీ(7) చెబుతుంది. బావి రోడ్డుకు ఒక పక్క, పొలం ఇంకో పక్క పడ్డవాళ్లు మా వైపు తక్కువేం కాదు. "ముక్కలైన నష్టం" అన్న మాట రాతపూర్వకంగా అడిగినవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

ఇచ్చిన పరిహారం నచ్చకపోతే నేరుగా కోర్టుకు పోవడానికి లేదు. కేంద్రం నియమించిన మధ్యవర్తి ముందుకు వెళ్లాలి. మామూలుగా ఆ పదవిలో ఉండేది జిల్లా కలెక్టరో ఆ స్థాయి అధికారో. ఆయన తీర్పూ నచ్చకపోతే మధ్యవర్తిత్వ చట్టం 34వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లొచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. ఆ కోర్టు తీర్పును రద్దు చేయగలదు గానీ పరిహారాన్ని పెంచి రాయలేదని 2021లో హకీమ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్‌లో గాయత్రి బాలసామి కేసులో రాజ్యాంగ ధర్మాసనం కొన్ని పరిమితుల్లో మార్చడానికి వీలిచ్చింది. కంపెనీకీ ఎన్‌హెచ్‌ఏఐకీ గొడవ వచ్చినా పోయేది ఈ 34వ సెక్షన్ దారిలోనే. ఒక పక్క పెద్ద పెద్ద లాయర్ల దండు. ఇంకో పక్క ఎకరంన్నర పోగొట్టుకున్న మనిషి, ఊళ్లో నలుగురు కలిసి మాట్లాడుకున్న వకీలు. దారి మాత్రం ఒకటే.

పని మొదలయ్యాక కోర్టు నుంచి స్టే తెచ్చుకోవడం కూడా కష్టమే. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించి, మౌలిక వసతుల ప్రాజెక్టు ఆలస్యమయ్యేలా సివిల్ కోర్టులు ఇంజంక్షన్ ఇవ్వకూడదని 20ఏ చేర్చారు. రోడ్డు ఆగితే వడ్డీ పెరుగుతుంది, ఆ వడ్డీ కూడా చివరికి ప్రజలదే కదా అన్న వాదనలో బలం ఉంది. కాదనను. కానీ ఆలస్యం ఖర్చు లెక్కలోకి వచ్చినంత తేలిగ్గా, తొందరపాటు ఖర్చు ఏ లెక్కలోకీ రాదు.

టోలు గేటు దగ్గర

చట్టంలో దీని పేరు టోలు కాదు, వినియోగదారు రుసుము. 2008 నాటి రుసుము నిబంధనలు రేటును నిర్ణయిస్తాయి. నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు 2007-08 ధరల్లో కిలోమీటరుకు 65 పైసలు. కంది ముక్క లాంటి 40 కిలోమీటర్లకు ఆ లెక్కన 26 రూపాయలు. ఏటా ఏప్రిల్ 1న దానికి 3 శాతం తప్పనిసరిగా కలుస్తుంది, టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం కూడా కలుస్తుంది. అందుకే ప్రతి ఏప్రిల్‌లోనూ పేపర్లో అదే వార్త వస్తుంది. 24 గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే. గేటుకు 20 కిలోమీటర్ల లోపల ఉండేవాళ్ల సొంత, వాణిజ్యేతర వాహనాలకు నెల పాసు ఉంది. 2007-08లో దాని ధర 150 రూపాయలు, అదీ ఏటా పెరుగుతుంది. ఖేడ్ వాళ్లకు ఈ పాసు దూరం చాలకపోవచ్చు గానీ గేటు పక్క ఊళ్లవాళ్లు అడిగి తీసుకోవాల్సిందే. ఎవరూ పిలిచి ఇవ్వరు.

సంగారెడ్డి దాటి కారులో గచ్చిబౌలి వైపు పోయేవాళ్లు ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతారు. అక్కడ ఒప్పందం మారిపోతుంది. మన పొలం భాషలోనే చెప్పాలంటే, ఇది కాపుకొచ్చిన మామిడి తోటను గుత్తకు ఇవ్వడం. చెట్లు పెట్టింది, పెంచింది సర్కారు. గుత్తేదారు మొత్తం డబ్బు ముందే కట్టి, ఇన్నేళ్లు కాయ కోసుకుంటాడు. 2023లో 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్‌ను 30 ఏళ్లకు, 7,380 కోట్ల రూపాయలకు ఐఆర్‌బీ సంస్థకు ఇచ్చారు. దీన్ని టీఓటీ అంటారు. ఇక్కడ టోలు నిజంగానే కంపెనీదే. బస్టాండ్ మాట ఇక్కడ చాలావరకు నిజమవుతుంది, "కొనుక్కున్నరు" అన్న చోట "గుత్తకు పట్టిన్రు" అని మారిస్తే చాలు.

గుత్తలో ఎప్పుడూ ఉండే ప్రశ్న ఒక్కటే. ముప్పై ఏళ్ల కాయ ధర ఇవాళే ఎట్లా కట్టాలి? ఓఆర్‌ఆర్ ధర మీద రాజకీయంగా పెద్ద గొడవే నడిచింది. ఆ తగవులోకి నేను పోను. ఒక్కటి మాత్రం చెబుతాను: తోటను గుత్తకిచ్చే రైతు ముందు కాత లెక్కపెట్టుకుంటాడు. వాహనాల అంచనా, కనీస ధర ఎట్లా వచ్చిందన్న లెక్క టెండరుకు ముందే జనం ముందు పెడితే సగం గొడవ పుట్టదు. చట్టం ఆ పని తప్పనిసరి చేయడం లేదు.

బస్సులో వచ్చినవాళ్లు పటాన్‌చెరు దాటి మియాపూర్‌లో దిగి మెట్రో ఎక్కుతారు. హైదరాబాద్ మెట్రో మూడో రకం. బీఓటీయే, కానీ గిట్టుబాటు కాని మేరకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. దాన్ని వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. దీని కథ తెలుగు నేల మీద పీపీపీకి ఒక పాఠ్యపుస్తకం. 2008లో మొదటి వేలంలో గెలిచిన మేటాస్ బృందం ప్రభుత్వాన్ని గ్రాంటు అడగలేదు. పైగా తామే 30,311 కోట్లు ఎదురు ఇస్తామంది. అంత తీపి మాట విన్నప్పుడే అనుమానం రావాలి. తర్వాత సత్యం కుంభకోణం బయటపడింది, డబ్బు సమకూరలేదు, 2009లో ఆ ఒప్పందం రద్దయింది. మళ్లీ టెండరు పిలిస్తే ఎల్ అండ్ టీ 1,458 కోట్ల గ్రాంటు అడిగి గెలిచింది. 2010 సెప్టెంబరు 4న 35 ఏళ్ల కన్సెషన్ ఒప్పందం కుదిరింది. 2017 నవంబరులో మొదటి రైలు నడిచింది. కోవిడ్ వచ్చింది, అప్పు భారం పెరిగింది. చివరికి 2025 సెప్టెంబరులో ప్రాజెక్టును రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది. సుమారు 13,000 కోట్ల అప్పు ప్రభుత్వం నెత్తికెత్తుకుంటుంది, కంపెనీ వాటాకు ఇంకో 2,000 కోట్ల దాకా ఇస్తుంది.

దీన్ని చూసి "పీపీపీ అంటేనే మోసం" అనేవాళ్లున్నారు. నేను అట్లా అనను. సర్కారు ఒక్కటే కట్టి ఉంటే 69 కిలోమీటర్ల మెట్రో ఆ కాలానికి వచ్చేదో లేదో చెప్పలేం. అసలు మౌలిక వసతులన్నీ పీపీపీలోకి రావు కూడా. 2022 ఫిబ్రవరిలో మా నారాయణఖేడ్‌లో శంకుస్థాపన చేసిన సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలనే చూడండి. రైతు దగ్గర నీటికి టోలు వసూలు చేసే కంపెనీ ఎక్కడ దొరుకుతుంది? అక్కడ ప్రభుత్వం డబ్బే దిక్కు. మెట్రోలో నాకు కనిపించేది వేరే. కాగితం మీద నష్టం కంపెనీ నెత్తిన ఉంది. నష్టం నిజంగా వచ్చి కూర్చున్నప్పుడు రైలు ఆపడం ఎవరి చేతా కాదు. అందుకని భారం మెల్లగా నడిచి సర్కారు గడపకు చేరింది. రోజూ లక్షలమంది ఎక్కే దాన్ని ఏ ప్రభుత్వమూ మూత పడనివ్వదు. బ్యాంకులకు ఆ సంగతి మొదటి రోజు నుంచీ తెలుసు.

రోడ్ల నమూనా ఒప్పందంలో ఇది రాసే ఉంది. బీఓటీ టోల్ రోడ్డు తెరిచాక తప్పు కంపెనీదే అయి ఒప్పందం రద్దయినా, బాకీ ఉన్న అప్పులో 90 శాతం ఎన్‌హెచ్‌ఏఐ చెల్లించాలి. తప్పు ఎన్‌హెచ్‌ఏఐదైతే మొత్తం అప్పు, దానిమీద కంపెనీ వాటా మూలధనానికి ఒకటిన్నర రెట్లు. ఇలా రాయకపోతే బ్యాంకులు అప్పివ్వవు, రోడ్డు రాదు. అది నిజమే. అయినా మొదట నేను చెప్పిన "బోరులో నీళ్లు పడకపోతే నష్టం ఆయనదే" అన్న మాటకు పక్కన చిన్న అక్షరాల్లో ఈ షరతు రాసుకోవాలి.

సంతకం లేనివాళ్లు గెలిచిన కేసు

ఇది మన రాష్ట్రం కేసు కాదు. ఢిల్లీ, నోయిడా మధ్య యమున మీద కట్టిన డీఎన్‌డీ ఫ్లైవేది. అయినా టోలు కట్టే ఎవరైనా తెలుసుకోవాల్సినది.

1997లో నోయిడా ప్రాధికార సంస్థ ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి మీద ఏటా 20 శాతం రాబడి రావాలి. ఆ ఏడాది అంత రాకపోతే, తగ్గిన మొత్తం ప్రాజెక్టు ఖర్చులో కలుస్తుంది. మళ్లీ దాని మీద 20 శాతం. మన ఊళ్లో దీనికి వేరే పేరుంది, చక్రవడ్డీ. షావుకారు బాకీ ఎట్లా తీరదో ఈ వంతెన ఖర్చు అట్లా తీరదు. 2001లో తెరిచారు. వాహనాలు నడుస్తున్నాయి, టోలు వస్తోంది, కాగితం మీద రావాల్సిన మొత్తం మాత్రం ఏటేటా పెరుగుతోంది.

నోయిడా నివాసుల సంఘాల సమాఖ్య అలహాబాద్ హైకోర్టుకు వెళ్లింది. వాళ్లు ఒప్పందంలో పక్షం కారు. అయినా కోర్టు విని, 2016 అక్టోబరులో టోలు ఆపమంది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. టోలు విధించే అధికారాన్ని ఆ సంస్థ అలా కంపెనీకి అప్పగించడం చెల్లదనీ, పోటీ టెండరు లేకుండా ఇచ్చారనీ, కంపెనీ పెట్టుబడీ లాభమూ ఎప్పుడో రాబట్టుకుందనీ, ఇంకా జనం మీద వేయడం అన్యాయమనీ చెప్పింది. ఒప్పందం ఎంత గట్టిగా రాసుకున్నా రాజ్యాంగం 14వ అధికరణం దాని పైనే ఉంటుంది. రోడ్డు మీద నడిచేవాడికి ఆ అధికరణమే సంతకం.

అందరికీ ఇది సాధ్యం కాదు, నిజమే. ఇరవై ఏళ్ల చివర వచ్చిన తీర్పు అది. కానీ రాబోయే వాటికి ముందే చదువుకునే అవకాశం మనకుంది. మన రాష్ట్రం ఆర్ అండ్ బీ రోడ్లకు కూడా హామ్ పద్ధతి తేవాలని 2025లో నిర్ణయించింది. ఆ రోడ్ల మీద టోలు ఉన్నా లేకపోయినా వాయిదాలు పదిహేనేళ్లు రాష్ట్ర బడ్జెట్‌లోంచి పోవాలి. ఆ ఒప్పందాలు బయటికి వచ్చినప్పుడు నేను మొదట చూసేది రోడ్డు పొడవు కాదు. ఏటా కట్టే వాయిదా ఎంత, ఆ శాఖ బడ్జెట్‌లో అది ఎంత భాగం, ఒప్పందం రద్దయితే ఎవరికి ఎంత అన్న మూడు చోట్లు చూస్తాను.

జాతీయ రహదారుల కన్సెషన్ ఒప్పందాలను ఎన్‌హెచ్‌ఏఐ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, దొరకకపోతే సమాచార హక్కు కింద అడగొచ్చు. మొత్తం చదవక్కర్లేదు. మన బ్రాంచి వాళ్లకు పనికొచ్చేది నిర్వహణ షెడ్యూలు. ఏ గుంతను ఎంత సమయంలో పూడ్చాలి, సైన్‌బోర్డు పడిపోతే ఎప్పటికి నిలబెట్టాలి, చేయకపోతే కంపెనీకి ఎంత కోత పడుతుంది అన్నది పట్టికలో వరుసగా ఉంటుంది. దాన్ని ఫోన్‌లో పెట్టుకుని జోగిపేట దాటాక కిటికీ పక్క సీట్లో కూర్చుంటే గంట ప్రయాణం ఇట్టే గడిచిపోతుంది.